పాలపిట్టను చూద్దాం... పట్టించొద్దు



పోయిన నెల ఏడో తరగతి పిల్లలకు ‘అంతరించిపోతున్న జీవులు’ అనే అంశం మీద సైన్స్ ప్రాజెక్ట్ ఇచ్చాను. ఆ వారమంతా మీలో చాలామంది ఆఫీసు నుంచి రాగానే చార్టులు, కలర్ ప్రింట్లు, స్కెచ్ పెన్నుల కోసం షాపుల చుట్టూ తిరిగి ఉంటారు. ముందుగా అందుకు థ్యాంక్స్. చార్టులన్నీ చక్కగా వచ్చాయి. అయితే వాటిని గోడకు అతికిస్తున్నప్పుడు ఒకటి గమనించాను. మొత్తం 38 చార్టులు. సగానికి పైగా పులి, పాండా, ధ్రువపు ఎలుగుబంటి. నాలుగైదు చార్టుల మీద ఒకే పులి ఫొటో ఉంది, ఒకే షాపులో ప్రింట్ తీయించినట్టున్నారు.

మరుసటి రోజు క్లాసులో అడిగాను: “మీ చార్టు మీద ఉన్న జంతువును మీలో ఎవరైనా నిజంగా చూశారా?”

కొందరు జూలో పులిని చూశామన్నారు. పాండాను ఎవరూ చూడలేదు. అప్పుడు వెనక బెంచీలో ఒక అబ్బాయి ఉత్సాహంగా చెయ్యెత్తాడు. “మేడమ్, నేను పాలపిట్టను ముట్టుకున్నాను!”

“ఎక్కడ నాన్నా?”

“పోయిన దసరాకి మా కాలనీ గేటు దగ్గర ఒకాయన బుట్టలో తెచ్చాడు మేడమ్. డాడీ డబ్బులిచ్చారు. అందరం దండం పెట్టుకున్నాం.”

“ఎగిరిందా మరి?”

“లేదు మేడమ్. దాని కాళ్ళకి దారం ఉంది.”

క్లాసులో ఇంకో ఆరుగురు “మేమూ చూశాం, మేమూ చూశాం” అన్నారు. నేను అప్పటికప్పుడు, కొంచెం తొందరపడి, “పాలపిట్టను పట్టడం నేరం. అలా డబ్బులిచ్చి చూడకూడదు” అనేశాను. బెల్ మోగింది, పిల్లలు వెళ్ళిపోయారు.

ఆ రోజు సాయంత్రం ఒక తండ్రి నుంచి ఫోన్ వచ్చింది. ఆయన కోప్పడలేదు గానీ బాధపడ్డారు. “మావాడు ఇంటికొచ్చి, డాడీ నువ్వు నేరం చేశావంట అన్నాడు మేడమ్. పండగపూట పిల్లలకి దేవుడి పిట్టను చూపించడం కూడా తప్పేనా? మీరు పాఠం చెప్పండి, కాదనను. మా పండగల జోలికి ఎందుకు?” అని అడిగారు.

పిల్లల ముందు తండ్రిని తప్పు చేసినవాడిలా నిలబెట్టే మాట అన్నందుకు ఆయనకు సారీ చెప్పాను. కానీ చెప్పిన విషయాన్ని మాత్రం వెనక్కి తీసుకోలేకపోయాను. ఫోన్‌లో రెండు నిమిషాల్లో తేలే ప్రశ్న కాదది. ఇంకో రెండు వారాల్లో దసరా వస్తోంది. మీలో చాలామందికి ఇదే సందేహం ఉండొచ్చు కాబట్టి, నా జవాబు ఇక్కడ వివరంగా రాస్తున్నాను.

మా తాత చూపించిన పాలపిట్ట

మొదట పండగ సంగతి. నేనూ పల్లెటూళ్ళో దసరా చేసుకుంటూ పెరిగినదాన్నే. జమ్మి పూజ అయ్యాక మా తాత మనవలందరినీ వెంటబెట్టుకుని ఊరి పొలిమేర దాటి చెలకల వైపు నడిపించేవాడు. పాండవులు అజ్ఞాతవాసం ముగించుకుని వస్తుంటే దారిలో పాలపిట్ట కనిపించిందని, ఆ తర్వాత వాళ్ళకి అన్నీ విజయాలేనని చెప్పేవాడు. కరెంటు తీగల మీద, తుమ్మ చెట్ల కొమ్మల మీద కళ్ళు చిట్లించి వెతికేవాళ్ళం. ఒక్కో ఏడాది చీకటి పడేదాకా కనిపించేది కాదు. కనిపించిన ఏడాది ఇంటికొచ్చి నానమ్మకు చెప్పేదాకా కాలు నిలిచేది కాదు.

కూర్చుని ఉన్నప్పుడు పాలపిట్ట మరీ అంత అందంగా కనిపించదు. గోధుమరంగు ఛాతీతో మామూలు పిట్టలాగే ఉంటుంది. ఎగరడానికి రెక్క విప్పినప్పుడే ముదురు నీలం, లేత నీలం పట్టీలు ఒక్కసారిగా బయటపడతాయి. “అదిగో!” అని అందరం అరిచేది ఆ క్షణంలోనే. బుట్టలో పెట్టి తెచ్చిన పిట్టలో మన పిల్లలు ఆ నీలాన్ని చూడలేరు.

ఊళ్ళు పెరిగాయి, పొలిమేరలు దూరమయ్యాయి. దసరా రోజు పాలపిట్ట కోసం నడిచే ఓపిక, తీరిక మనకు తగ్గాయి. ఆ ఖాళీలోకే ఈ బుట్టల వ్యాపారం వచ్చింది. పండగకు కొన్ని రోజుల ముందే వలలు వేసి పిట్టలను పడతారు. ఎగిరిపోకుండా కొన్నింటికి రెక్కల ఈకలు కత్తిరిస్తారు, కొన్నింటికి జిగురు పూస్తారు, కాళ్ళకు దారం కడతారు. పాలపిట్ట మిడతలు, పురుగులు వేటాడి తినే పక్షి. బుట్టలో దానికి అవి దొరకవు. గుడి దగ్గరా, కాలనీ గేట్ల దగ్గరా రోజంతా వందల చేతుల మధ్య తిరిగి నీరసించిన పిట్టను పండగయ్యాక వదిలేసినా, ఎగరలేని పిట్ట ఎంతకాలం బతుకుతుంది?

1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం పాలపిట్టను పట్టడం, బంధించడం, అమ్మడం నేరం. అయితే ఆ తండ్రికి నేను చెప్పాలనుకున్నది సెక్షన్ల గురించి కాదు. మన ఆచారం కోరేది పాలపిట్ట ‘కనిపించడం’. కనిపించాలంటే అది స్వేచ్ఛగా తిరుగుతూ ఉండాలి. డబ్బులిచ్చి తెప్పించుకున్నది దర్శనం ఎలా అవుతుంది? అందుకే పాలపిట్టను కాపాడమని అడగడం పండగ జోలికి రావడం కాదనీ, పండగ పక్షాన మాట్లాడటమేననీ నా అభిప్రాయం.

రెండు రాష్ట్రాలు, రెండు పక్షులు

మన బ్రాంచీలు రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఉన్నాయి కాబట్టి ఇంకో మాట. పాలపిట్ట ఉమ్మడి రాష్ట్రానికి రాష్ట్ర పక్షి. 2014 తర్వాత తెలంగాణ దాన్నే కొనసాగించింది. ఆంధ్రప్రదేశ్ 2018లో రామచిలుకను రాష్ట్ర పక్షిగా ఎంచుకుంది. జీకే టెస్టులో ఈ రెండు ప్రశ్నలకూ మన పిల్లలు టక్కున జవాబు రాస్తారు. కానీ ఒక రాష్ట్రపు పక్షిని దసరాకు బుట్టలో చూస్తున్నాం, రెండో రాష్ట్రపు పక్షిని ఏడాది పొడవునా పంజరంలో చూస్తున్నాం. రామచిలుకను పట్టడం, అమ్మడం, ఇంట్లో పెంచుకోవడం కూడా అదే చట్టం కింద నేరమే. ఈ సంగతి తెలియక ముద్దుగా పెంచుకుంటున్న ఇళ్ళు చాలా ఉన్నాయి. అదృష్టం కలిసొస్తుందని నక్షత్ర తాబేలును తెచ్చి పెట్టుకునేవాళ్ళూ ఉన్నారు. ఆ తాబేళ్ళ అక్రమ రవాణా ఎంత పెరిగిందంటే, 2019లో అంతర్జాతీయ సైట్స్ ఒప్పందం కింద వాటిని అత్యంత కఠినమైన మొదటి జాబితాలోకి మార్చాల్సి వచ్చింది.

‘చాలా ఉన్నాయి కదా’ అనే ధీమా

ఇక్కడ మీకు ఒక న్యాయమైన సందేహం రావచ్చు. పాలపిట్ట పులిలాగా అంతరించిపోయే జీవి కాదు కదా? నిజమే. అంతర్జాతీయ ఐయూసీఎన్ జాబితాలో అది చాలాకాలం ఆందోళన అవసరం లేని పక్షుల వర్గంలోనే ఉండేది. కానీ 2023లో వచ్చిన ‘స్టేట్ ఆఫ్ ఇండియాస్ బర్డ్స్’ నివేదిక చూడండి. సుమారు 30 వేల మంది పక్షి పరిశీలకులు నమోదు చేసిన వివరాలతో 942 రకాల పక్షుల స్థితిని అందులో అంచనా వేశారు. దీర్ఘకాలంలో పాలపిట్టల సంఖ్య 30 శాతానికి పైగా తగ్గిందని, దాని స్థాయిని ఐయూసీఎన్ మళ్ళీ పరిశీలించాలని ఆ నివేదిక సూచించింది.

‘చాలా ఉన్నాయి కదా’ అనుకున్న పక్షి ఎంత త్వరగా మాయమవుతుందో మన కళ్ళముందే ఒకసారి జరిగింది. అది రాబందు. మీ చిన్నప్పుడు ఊరవతల చచ్చిన పశువు చుట్టూ రాబందులు గుంపుగా వాలడం చూసే ఉంటారు. ఒకప్పుడు దేశంలో అవి కోట్లలో ఉండేవి. 1992 నుంచి 2007 మధ్య తెల్లవీపు రాబందులు 99.9 శాతం తగ్గిపోయాయి. అంటే వెయ్యింటికి ఒకటి మిగిలింది. వాటిని ఎవరూ వేటాడలేదు. పశువులకు నొప్పి తగ్గడానికి ఇచ్చిన డైక్లోఫెనాక్ అనే మందు కారణమని తేలింది. ఆ మందు తీసుకున్న పశువు చనిపోతే, దాని మాంసం తిన్న రాబందుకు కిడ్నీలు పాడై కొన్ని రోజుల్లోనే చచ్చిపోయేది. మందు ఇచ్చిన రైతుకు గానీ, రాసిన డాక్టరుకు గానీ ఈ సంగతి తెలియదు. 2006లో పశువుల వైద్యంలో డైక్లోఫెనాక్‌ను మన దేశం నిషేధించింది. రాబందులకు హాని చేయని మెలాక్సికామ్ అనే మందు దానికి బదులుగా వచ్చింది. కానీ అప్పటికే ఆలస్యమైంది. రాబందు చాలా నెమ్మదిగా పెరిగే జాతి. ఏడాదికి ఒక్క గుడ్డే పెడుతుంది.

రాబందులు పోతే మనకేంటి? ఆ ప్రశ్నకూ జవాబు దొరికింది. పశువుల కళేబరాలు తినేవాళ్ళు లేక అవి కుళ్ళిపోయి నీళ్ళు పాడయ్యాయి. వాటి మీద బతికే వీధికుక్కలు పెరిగాయి, వాటితో రేబిస్ భయమూ పెరిగింది. ఇయాల్ ఫ్రాంక్, అనంత్ సుదర్శన్ అనే ఆర్థికవేత్తలు 2024లో ప్రచురించిన పరిశోధన ప్రకారం, రాబందులు లేకపోవడం వల్ల 2000 నుంచి 2005 వరకు దేశంలో సుమారు 5 లక్షల మంది అదనంగా చనిపోయి ఉంటారని అంచనా. వాళ్ళెవరూ అడవుల్లో ఉండేవాళ్ళు కాదు, మనలాంటి ఊళ్ళలో ఉండేవాళ్ళే.

జటాయువు కథ మన పిల్లలందరికీ తెలుసు. జటాయువు పడిన చోటని లేపాక్షికి తీసుకెళ్ళి చూపిస్తాం కూడా. కానీ ఆకాశంలో ఎగిరే రాబందును చూపించమని వాళ్ళు అడిగితే ఎక్కడికి తీసుకెళ్ళాలో మనలో ఎంతమందికి తెలుసు? రేపు పాలపిట్ట విషయంలోనూ ఇలాగే జరగకూడదని నా భయం.

పాలపిట్ట తగ్గడానికి దసరా బుట్టలొక్కటే కారణం అని నేను అనను. అది పాత చెట్ల తొర్రల్లో, ఎండిపోయిన తాటి మొద్దుల్లో గూడు పెడుతుంది. ఆ చెట్లను మనం కొట్టేస్తున్నాం. అది తినే పురుగులను మందులతో చంపేస్తున్నాం. అది తిరిగే చెలకలు వెంచర్లవుతున్నాయి. ఇవన్నీ ఒక కుటుంబం ఆపగలిగినవి కాదు. కానీ దసరా రోజు గేటు దగ్గర చేతిలో నోటు బయటికి తీయాలా వద్దా అన్నది మాత్రం పూర్తిగా మన ఇష్టమే.

బుట్ట తెచ్చినవాడి సంగతి

బుట్ట తెచ్చే మనిషిని దొంగలా చూడమని కూడా నేను చెప్పడం లేదు. పిట్టలు పట్టడం తరతరాలుగా వాళ్ళకు తెలిసిన పని. ఏ పిట్ట ఎక్కడ తిరుగుతుందో, ఎప్పుడు కూస్తుందో నా బీఈడీ పుస్తకాల కంటే వాళ్ళకే బాగా తెలుసు.

కలివి కోడి కథ వినే ఉంటారు. ప్రపంచంలో మన తూర్పు కనుమల ప్రాంతంలో తప్ప ఇంకెక్కడా కనిపించని పక్షి అది. 1900 తర్వాత ఎవరికీ కనిపించకపోవడంతో అంతరించిపోయిందనే అనుకున్నారు. బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ వాళ్ళు కడప జిల్లాలో ఊరూరా తిరిగి బొమ్మ చూపించి అడిగారు. చివరికి 1986 జనవరిలో ఆ పక్షి దొరికింది. దాన్ని పట్టి తెచ్చింది శాస్త్రవేత్త కాదు, అక్కడ పిట్టలు పట్టే ఒక స్థానికుడు. ఆ తర్వాత దాని కోసమే శ్రీలంకమల్లేశ్వర అభయారణ్యం ఏర్పడింది, తెలుగుగంగ కాలువ దారినీ మార్చారు. పిట్టలు పట్టేవాళ్ళ తెలివిని కాపాడే పనికి వాడుకోవచ్చనడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు దొరకలేదు. కొనేవాళ్ళు లేకపోతే బుట్టలు రావు. అదే మనిషిని పొలాల్లోకి తీసుకెళ్ళి పాలపిట్టను చూపించమని అడిగి, ఆ పనికి డబ్బులిస్తే ఎంత బాగుంటుంది!

ఈ దసరాకు మనం చేయగలిగినవి

మీ నుంచి నేను కోరేవి పెద్ద పనులేమీ కావు.

దసరా రోజు బుట్టలోని పాలపిట్టను డబ్బులిచ్చి చూడకండి. పిల్లలు అడిగితే ఎందుకు వద్దో అక్కడే చెప్పండి. మీరు చెబితే వాళ్ళు నా పాఠం కంటే ఎక్కువ కాలం గుర్తుపెట్టుకుంటారు. పిట్టలను అమ్ముతున్నట్టు కనిపిస్తే గొడవకు దిగకుండా అటవీ శాఖకు తెలియజేయండి.

జమ్మి పూజకు ముందో తర్వాతో ఒక గంట కేటాయించి ఊరి చివరకు వెళ్ళండి. పొలాల పక్కన కరెంటు తీగలు, ఒంటరి చెట్లు, చెరువు గట్లు చూడండి. పొద్దున, సాయంత్రం కనిపించే అవకాశం ఎక్కువ. బైనాక్యులర్ లేకపోయినా పరవాలేదు. పాలపిట్ట కనిపించకపోతే బాధపడొద్దు. మా తాత చెప్పినట్టు, వచ్చే ఏడాదికి బాకీ ఉంచుకోవచ్చు.

ఇంట్లో రామచిలుక గానీ, నక్షత్ర తాబేలు గానీ ఉంటే భయపడి ఒక్కసారిగా బయట వదిలేయకండి. ఏళ్ళ తరబడి పంజరంలో ఉన్న పక్షికి తిండి వెతుక్కోవడం రాదు. అటవీ శాఖ వాళ్ళను సంప్రదించి అప్పగించండి. కొత్తగా మాత్రం కొనకండి, ఎవరి బర్త్‌డేకీ గిఫ్ట్‌గా ఇవ్వకండి.

ఊళ్ళో పశువులున్న మీ అమ్మానాన్నలకో, అత్తమామలకో రాబందుల కథ చెప్పండి. పశువుల డాక్టరును మెలాక్సికామ్ రాయమని అడగమనండి.

మార్కుల సంగతేంటి?

“ఫౌండేషన్ క్లాసులు, వీకెండ్ టెస్టులు. వీటి మధ్య పిట్టలు చూసే టైమ్ ఎక్కడుంది మేడమ్?” అని పేరెంట్స్ మీటింగులో ఒక తల్లి అడిగారు. నిజాయితీగా చెబుతాను. పాలపిట్టను చూసినందుకు ఏ ఎంట్రన్స్ పరీక్షలోనూ ఒక్క మార్కు ఎక్కువ రాదు. మీరు కష్టపడి ఫీజులు కడుతున్నది పిల్లలు బాగా చదవాలని. ఆ మాట నేను మర్చిపోను.

కానీ గోడ మీద 38 చార్టులు చూశాక నాకు నా పాఠం మీదే అనుమానం వచ్చింది. ఆహారపు గొలుసు బొమ్మ గీసి పది మార్కులు తెచ్చుకున్న పిల్లలు, కాళ్ళకు దారం కట్టిన పిట్టను చూసి ఆ గొలుసుకూ ఈ పిట్టకూ సంబంధం ఉందని అనుకోలేదంటే, ఆ లోపం వాళ్ళది కాదు. నేను అలా నేర్పలేదు.

అందుకే వచ్చే టర్మ్ నుంచి మా తరగతిలో ఈ ప్రాజెక్ట్ మారుతోంది. చార్టు వద్దు, ప్రింట్ వద్దు, మీకు షాపుకు వెళ్ళే పని కూడా ఉండదు. ప్రతి పిల్లాడూ, పిల్లా తమ ఇంటి దగ్గర కనిపించే ఒక పక్షిని ఎంచుకుని, నెల రోజులు రోజుకు పది నిమిషాలు గమనించి నోట్‌బుక్‌లో రాయాలి. ఎక్కడ కూర్చుంది, ఏం తింది, ఎవరితో పోట్లాడింది, ఏ రోజు రాలేదు. కాకి అయినా సరే, గోరింక అయినా సరే. ఫిబ్రవరిలో నాలుగు రోజులు జరిగే ‘గ్రేట్ బ్యాక్‌యార్డ్ బర్డ్ కౌంట్’లో ఆ లెక్కలను ‘ఈబర్డ్’ అనే ఉచిత యాప్‌లో నమోదు చేద్దాం. పైన చెప్పిన నివేదికకు ఆధారం ఇలా మామూలు మనుషులు నమోదు చేసిన వివరాలే. ఆ పది నిమిషాలూ మీరు కూడా పిల్లల పక్కన నిలబడితే నాకు చాలా సంతోషం.

ఫోన్ చేసిన ఆ తండ్రికి మళ్ళీ ఒకసారి సారీ, ఒకసారి థ్యాంక్స్. మీరు అడగకపోతే ఇదంతా రాసేదాన్ని కాదు సార్. మీ అబ్బాయి నిన్న ఇంటర్వెల్‌లో నా దగ్గరకొచ్చి, “మేడమ్, మా ఊళ్ళో పాలపిట్ట ఉంటదా?” అని అడిగాడు. ఉంటుందనే చెప్పాను. ఈ దసరాకు మీరిద్దరూ వెళ్ళి చూసి రండి. సెలవుల తర్వాత క్లాసులో వాడు చెప్పబోయే కబురు కోసం ఎదురుచూస్తుంటాను.

అందరికీ ముందుగా దసరా శుభాకాంక్షలు.

ఇట్లు,
మీ పిల్లల సైన్స్ టీచర్